కాంటర్‌బరీకి నాలుగో పేరు: ఆర్చ్‌బిషప్ థియొడోర్ చేసిన పని

ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ పీఠానికి అనుకున్నవాళ్ళలో థియొడోర్ నాలుగో పేరు. మొదటి ముగ్గురిలో ఒక్కరికి కుదిరినా ఈయన రోమ్‌లో ఒక మఠంలో ముసలి సన్యాసిగానే పోయేవాడు, మనం పేరు కూడా వినేవాళ్ళం కాదు.

664 జూలై 14న ఆర్చ్‌బిషప్ డ్యూస్‌డెడిట్ చనిపోయాడు. అది బ్రిటన్‌లో మహమ్మారి తిరుగుతున్న ఏడాది. కెంట్ రాజు ఎగ్‌బర్ట్, నార్తంబ్రియా రాజు ఓస్వియు కలిసి విగార్డ్ అనే గురువును (అంటే చర్చి పూజారిని) ఎంపిక చేసి, అభిషేకం పొంది రమ్మని రోమ్‌కు పంపారు. ఆయన వెళ్ళాడు, పోపును కలిశాడు, వెంట వచ్చిన దాదాపు అందరితో సహా అక్కడే తెగులుతో పోయాడు. పోపు విటాలియన్ అప్పుడు నేపుల్స్ దగ్గరి మఠాధిపతి హేడ్రియన్‌ను అడిగాడు. హేడ్రియన్ ఉత్తర ఆఫ్రికా మనిషి, గ్రీకు లాటిన్ రెండూ క్షుణ్ణంగా తెలిసినవాడు. తనకు ఆ అర్హత లేదని చెప్పి ఆండ్రూ అనే సన్యాసిని చూపించాడు. ఆండ్రూ ఒంట్లో బాగుండని మనిషి. మళ్ళీ హేడ్రియన్ మీదికే వచ్చేసరికి ఆయన కాస్త గడువు అడిగి, తనకు తెలిసిన థియొడోర్ పేరు చెప్పాడు.

థియొడోర్ 602లో తార్సులో పుట్టాడు. అవును, అపొస్తలుడైన పౌలు ఊరే. కిలికియ ప్రాంతం, ఇప్పటి టర్కీ. అంతియొకయలో చదువుకుని ఉంటాడని పండితుల అంచనా. ఆయన బతికిన కాలంలోనే పర్షియన్లు, తర్వాత అరబ్బులు ఆ నేల అంతా ఆక్రమించారు. చివరికి రోమ్ చేరాడు. వయసు అరవై ఆరు, హోదా చూస్తే ఇంకా బిషప్‌కు చాలా మెట్ల కింద. పోపు ఒప్పుకున్నాడుగానీ ఒక షరతు పెట్టాడు: హేడ్రియన్ కూడా వెంట వెళ్ళాలి. ఫ్రాంకుల దేశం (గాల్, ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) మీదుగా రెండుసార్లు ప్రయాణం చేసినవాడు, దారి తెలుసు, మనుషులున్నారు. ఇంకో కారణం కూడా, ఇంగ్లీషు చర్చి చరిత్ర రాసిన సన్యాసి బీడ్ దాచకుండా రాశాడు. గ్రీకుల పద్ధతిలో విశ్వాసానికి విరుద్ధమైనదేదీ ఈ పెద్దాయన అక్కడ ప్రవేశపెట్టకుండా ఓ కంట కనిపెట్టి ఉండాలి.

ఇక్కడొక చిన్న చిక్కు. తూర్పు సన్యాసులు తల పూర్తిగా గొరిగించుకునేవారు. రోమ్ పద్ధతిలో నడినెత్తి గొరిగి చుట్టూ వలయంలా జుట్టు వదలాలి. గుండు మీద వలయం రాదు కదా, జుట్టు పెరిగేదాకా నాలుగు నెలలు ఆగారు. 668 మార్చి 26న అభిషేకం, మే 27న ప్రయాణం. మార్సెయ్, ఆర్ల్ మీదుగా పారిస్ వెళ్ళి చలికాలమంతా అక్కడ బిషప్ అజిల్‌బర్ట్ దగ్గర ఉండిపోయాడు. హేడ్రియన్‌ను మాత్రం ఫ్రాంకుల దేశంలో చక్రం తిప్పుతున్న ఎబ్రోయిన్ ఆపేశాడు: ఇతను తూర్పు రోమన్ చక్రవర్తి తరఫున బ్రిటన్ రాజుల దగ్గరికి ఏదో రాయబారం మోస్తున్నాడేమోనని అనుమానం. థియొడోర్ రేవు దాకా వచ్చి జబ్బుపడి, కోలుకుని, సముద్రం దాటి 669 మే 27న కాంటర్‌బరీ చేరాడు. బయల్దేరిన రోజుకు సరిగ్గా ఏడాది.

వచ్చి చూస్తే పరిస్థితి అధ్వానం. సగం పీఠాలు ఖాళీ. లండన్‌లో ఉన్న బిషప్ వినె ఆ పీఠాన్ని మెర్సియా రాజు దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్నవాడు. నార్తంబ్రియాలో ఒకే పీఠానికి ఇద్దరు: రాజు పంపితే అభిషేకానికి గాల్ వెళ్ళి తిరిగి రావడం ఆలస్యం చేసిన విల్‌ఫ్రిడ్, ఆ ఖాళీలో రాజే కూర్చోబెట్టిన చాడ్. చాడ్ అభిషేకంలో లోపం ఉంది. చేసిన ముగ్గురిలో ఇద్దరు రోమ్ పద్ధతి ఒప్పుకోని బ్రిటన్ బిషప్పులు, మూడోవాడు ఆ వినెయే. థియొడోర్ ఆ మాట మొహానే చెప్పాడు. చాడ్ వాదించలేదు, నేను అర్హుడినని ఎప్పుడూ అనుకోలేదు, దిగిపొమ్మంటే సంతోషంగా దిగిపోతానన్నాడు. ఆ జవాబుతో థియొడోర్ మెత్తబడ్డాడు. విల్‌ఫ్రిడ్‌ను యార్క్‌లో కూర్చోబెట్టి, చాడ్‌కు అభిషేకం సరిచేసి మెర్సియాకు, లిచ్‌ఫీల్డ్‌కు పంపాడు. చాడ్ ఎంత దూరమైనా కాలినడకనే వెళ్ళేవాడు. అంత పెద్ద డయోసిస్ (ఒక బిషప్ చూసుకునే ప్రాంతం) నడిచి తిరగడం అయ్యే పని కాదని థియొడోర్ గుర్రమెక్కమన్నాడు. ససేమిరా అంటే తన చేతులతో ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టాడు. డెబ్బైకి దగ్గరపడుతున్న ముసలాయన ఒక బిషప్‌ను ఎత్తి గుర్రమెక్కించడం! నాకు ఈ మనిషి స్వభావమంతా అక్కడే కనిపిస్తుంది. భక్తిని ఆయన మెచ్చుకుంటాడు, కానీ పని ఆగితే ఊరుకోడు.

673 సెప్టెంబర్ 24న (672 అనే లెక్క కూడా ఉంది) హెర్ట్‌ఫర్డ్‌లో బిషప్పుల సభ పెట్టాడు. మొత్తం ఇంగ్లీషు చర్చికి అది మొదటి సభ. అందులో ఆయన కొత్త చట్టాలేవీ రాయలేదు. పాత సభల నియమాల పుస్తకం ముందే తిరగేసి, ఈ నేలకు ఇప్పుడు అవసరం అనుకున్న పది చోట్ల గుర్తులు పెట్టుకుని వచ్చి, ఒక్కొక్కటీ చదివి ఒప్పించాడు. ఒక బిషప్ ఇంకొకరి హద్దులో చొరబడకూడదు. బిషప్పులు మఠాల ఆస్తి లాక్కోకూడదు. సన్యాసులు మఠాధిపతి అనుమతి లేకుండా మఠం మారకూడదు. గురువులు తమ బిషప్ ఉత్తరం లేకుండా ఇంకోచోట చేరకూడదు. బిషప్పుల మధ్య పెద్దరికం అభిషేకం జరిగిన తేదీని బట్టే. నియమం ప్రకారం సభ ఏడాదికి రెండుసార్లు జరగాలి, కానీ రకరకాల ఆటంకాలున్నాయి కాబట్టి ఒక్కసారి చాలు, ఆగస్టు 1న క్లోవెషో అనే చోట అని సవరించుకున్నారు. తొమ్మిదో అంశం అన్నిటికన్నా పెద్దది: విశ్వాసులు పెరిగే కొద్దీ బిషప్పుల సంఖ్య పెంచాలి. అంటే ఇప్పుడున్న పెద్ద డయోసిస్‌లను ముక్కలు చేయాలి. అక్కడ కూర్చున్నవాళ్ళ కాళ్ళ కింది నేలే అది. దీని మీద చర్చ జరిగింది, ప్రస్తుతానికి వదిలేశాం అని రాయించాడు.

మొదటి అంశం ఈస్టర్ తేదీ. దీన్ని కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఆ రోజుల్లో చర్చిని నిజంగా చీల్చింది ఈ లెక్కే. సభలో ఒప్పుకున్న నియమం: మొదటి నెలలో చంద్రుని పద్నాలుగో రోజు తర్వాత వచ్చే ఆదివారం ఈస్టర్. ఒకటో రోజు నెలవంక కంటబడే రోజు కాబట్టి పద్నాలుగోది పౌర్ణమికి దగ్గరగా పడుతుంది. ఆ పౌర్ణమి మార్చి 21 లోపు ఉండకూడదు. దీనికి వాడింది పంతొమ్మిదేళ్ళ చక్రం: 19 సౌర సంవత్సరాలకు 235 చాంద్రమాసాలు, అంటే ఏడు మాసాలు అదనం. మన పంచాంగంలో 19 ఏళ్ళకు ఏడు అధిక మాసాలు రావడం కూడా ఇదే ఆకాశం, ఇదే లెక్క.

685ను తీసుకుని చేసి చూద్దాం. సంవత్సరాన్ని 19తో భాగించండి, శేషం 1. ఆ శేషాన్ని 11తో హెచ్చించండి, 30 దాటితే 30లు తీసేయండి. ఇక్కడ 11 వస్తుంది. ఇది మార్చి 22న చంద్రుని వయసు. ఆ రోజు 11 అయితే 14 అయ్యేది మార్చి 25న. ఇక వారం కావాలి. సంవత్సరానికి దాని నాలుగో వంతు (శేషం వదిలేసి) కలపండి, మరో 4 కలపండి: 685, 171, 4 కలిపి 860. దాన్ని 7తో భాగిస్తే శేషం 6. ఇది మార్చి 24 వారం. ఆదివారం 1 అయితే 6 శుక్రవారం. కాబట్టి 25 శనివారం, ఈస్టర్ మార్చి 26. ఆ పండుగకు గుర్తుండిపోయే సంఘటన కూడా ఒకటి ఉంది. ఆ ఏడు ఈస్టర్ పండుగకే యార్క్‌లో రాజు ఎగ్‌ఫ్రిత్ ఎదుట, ఏడుగురు బిషప్పుల మధ్య థియొడోర్ కత్‌బర్ట్‌ను బిషప్‌గా అభిషేకించాడని బీడ్ రాశాడు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, శేషం పెద్దదైనప్పుడు. 673కు చేయండి: శేషం 8, దాన్ని 11తో హెచ్చిస్తే 88, 60 తీసేస్తే 28. మార్చి 22న చంద్రుడికి 28 రోజులు. అంటే ఆ నెల పౌర్ణమి ఎప్పుడో దాటిపోయింది. తొందరపడి వెనక్కి లెక్కిస్తే మార్చి 8 వస్తుంది, అది 21 లోపే కాబట్టి చెల్లదు. ముందుకు పోవాలి: 24న 30 నిండుతుంది, 25న కొత్త నెల ఒకటి, ఏప్రిల్ 7న పద్నాలుగు. అది గురువారం, ఈస్టర్ ఏప్రిల్ 10. ఇంకో చోట కూడా జారిపడతారు. ఏడాదికి 11 చొప్పున 19 ఏళ్ళకు 209 అవుతుంది. 30తో సరిపోవాలంటే 210 కావాలి. కాబట్టి చక్రం చివర చంద్రుణ్ణి ఒక రోజు దూకించాలి. ఆ దూకుడు మర్చిపోతే తర్వాతి చక్రమంతా ఒక రోజు తేడా.

ఐర్లండ్ సంప్రదాయం వాళ్ళది 84 ఏళ్ళ చక్రం. వాళ్ళకు విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) మార్చి 25. ఆదివారం చంద్రుని 14 నుంచి 20వ రోజు లోపు ఎక్కడ పడినా ఈస్టర్. రోమ్ వాళ్ళకు 15 నుంచి 21. పద్నాలుగో రోజే ఆదివారమైతే ఐర్లండ్ వాళ్ళు ఆ రోజే పండుగ చేసేవారు, రోమ్ వాళ్ళు ఇంకో వారం ఆగేవారు. ఓస్వియు రాజు ఐర్లండ్ పద్ధతి, ఆయన రాణి ఈన్‌ఫ్లెడ్ కెంట్ నుంచి వచ్చింది, రోమ్ పద్ధతి. దాంతో రాజు ఉపవాసం విడిచి పండుగ భోజనానికి కూర్చుంటే రాణి ఇంకా ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారంలోనే ఉండేది. 664లో విట్బీ సభలో ఓస్వియు రోమ్ వైపు తీర్పు చెప్పాడుగానీ అది ఒక రాజ్యం మాట. దాన్ని రాజ్యాలన్నిటికీ ఒకే నియమంగా మార్చింది హెర్ట్‌ఫర్డ్.

లెక్కలో ఇంత కచ్చితంగా ఉన్న మనిషి ప్రాయశ్చిత్తాల దగ్గర ఎంత సర్దుబాటు చేశాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆయన పేరున్న ప్రాయశ్చిత్త గ్రంథం ఆయన సొంతంగా రాసింది కాదు. ఎక్కువభాగం ఈయోడా అనే గురువు అడిగిన ప్రశ్నలకు ఆయన ఇచ్చిన జవాబులు; తర్వాత ఒక శిష్యుడు క్రమంలో పెట్టాడు. రకరకాల ప్రతులున్నాయి, ఒకదానికొకటి పొసగని చోట్లూ ఉన్నాయి. కాబట్టి ఒక్క వాక్యం పట్టుకుని థియొడోర్ ఇలా అన్నాడని ఘంటాపథంగా చెప్పేవాళ్ళను నేను నమ్మను. అయినా ధోరణి మాత్రం స్పష్టం.

తాగి వాంతి చేసుకుంటే సన్యాసికి 30 రోజుల ప్రాయశ్చిత్తం, గురువుకైనా, గురువు కింది హోదా డీకన్‌కైనా 40, మామూలు విశ్వాసికి 15. హోదా పెరిగితే శిక్ష పెరుగుతుంది. కానీ క్రిస్మస్‌కో ఈస్టర్‌కో, చాలాకాలం తాగకుండా ఉండి, పెద్దలు తాగమన్నంతే తాగి కక్కుకుంటే తప్పు లేదు. పానీయంలో ఎలుక పడితే: బతికుంటే తీసేసి, పవిత్ర జలం చల్లి వాడుకోవచ్చు, చచ్చి ఉంటే అంతా పారబోసి పాత్ర కడగాలి. తేనెటీగలు మనిషిని చంపితే వాటిని చంపాలి, తేనె మాత్రం తినొచ్చు. కుందేలు మాంసం తినొచ్చు, జిగట విరేచనాలకు మంచిది కూడా. రాజాజ్ఞ మీద యుద్ధంలో చంపినవాడికి 40 రోజులు. బంధువు హత్యకు పగ తీర్చుకుంటే ఏడు నుంచి పదేళ్ళు, కానీ చచ్చినవాడి కుటుంబానికి చట్టప్రకారం సొమ్ము చెల్లిస్తే అందులో సగం.

ఆ చివరిది కాగితానికే పరిమితం కాలేదు. 679లో ట్రెంట్ నది దగ్గర నార్తంబ్రియా, మెర్సియా తలపడ్డాయి. ఎగ్‌ఫ్రిత్ తమ్ముడు ఎల్ఫ్‌వినె చనిపోయాడు, వయసు పద్దెనిమిది. వాళ్ళ అక్కచెల్లెళ్ళలో ఒకరు మెర్సియా రాజు ఎథెల్‌రెడ్ భార్య, కాబట్టి రెండు కొలువులకూ కావలసిన కుర్రాడు. ఆచారం ప్రకారం రక్తానికి రక్తం తీర్చుకోవాలి. థియొడోర్ మధ్యలోకి వెళ్ళి, ప్రాణానికి ప్రాణం బదులు రాజుకు సొమ్ము ముట్టేలా ఒప్పించాడు. ఆ రెండు రాజ్యాల మధ్య ఆ శాంతి చాలాకాలం నిలిచిందని బీడ్ చెబుతాడు.

పెళ్ళి విషయంలో ఇంకా విచిత్రం. హెర్ట్‌ఫర్డ్ పదో అంశం కఠినం: వ్యభిచారం కారణంగా తప్ప భార్యను వదలకూడదు, వదిలినవాడు ఇంకో పెళ్ళి చేసుకోకూడదు. ప్రాయశ్చిత్త గ్రంథంలో మాత్రం, భార్య భర్తను తృణీకరించి వెళ్ళిపోయి తిరిగి రానంటే, ఐదేళ్ళ తర్వాత బిషప్ అనుమతితో మళ్ళీ పెళ్ళాడవచ్చని ఉంది. ఇది పరస్పర విరుద్ధం అని కొందరు తేల్చేస్తారు. నాకలా అనిపించదు. సభ ముందు నిలబడి చదివేది ఒకటి, గురువు ఒకడు ఎదురుగా కూర్చుని ఈ మనిషిని ఏం చేయమంటారని అడిగితే చెప్పేది ఇంకొకటి. బహిరంగ ప్రాయశ్చిత్తం ఈ ప్రాంతంలో లేదు కాబట్టి పాపిని బహిరంగంగా తిరిగి చేర్చుకోవడం కూడా ఇక్కడ అమల్లో లేదని ఆ గ్రంథమే ఒప్పుకుంటుంది.

కాంటర్‌బరీ బడి గురించి చెప్పకపోతే ఈ మనిషి సగమే. హేడ్రియన్ కూడా చేరాక ఇద్దరూ కలిసి బైబిలుతో పాటు ఛందస్సు, ఖగోళం, పంచాంగ గణితం నేర్పారు. గ్రీకు లాటిన్‌లు మాతృభాషలా మాట్లాడే శిష్యులు తన కాలానికీ మిగిలి ఉన్నారని బీడ్ రాశాడు. పాఠం ఎలా చెప్పేవారో 20వ శతాబ్దం దాకా ఎవరికీ సరిగా తెలియదు. 1936లో బెర్న్‌హార్డ్ బిషాఫ్ మిలాన్‌లోని అంబ్రోజియానా గ్రంథాలయంలో ఒక ప్రతిని గుర్తించాడు: కాంటర్‌బరీ తరగతి గదిలో బైబిలు మీద చెప్పిన వివరణలు. మైఖేల్ లాపిజ్‌తో కలిసి చేసిన ఆ పని బిషాఫ్ పోయాక, 1994లో అచ్చయింది. సంఖ్యాకాండము 11:5లో ఇశ్రాయేలీయులు ఐగుప్తు కీరకాయలు, దోసకాయలు తలుచుకుని ఏడ్చే చోట ఇలా ఉంది: ఒక్కో కాయ 30 పౌండ్ల బరువు తూగుతుంది, ఎదెస్సా పట్టణంలో (ఇప్పటి టర్కీలోది) అయితే రెండు కాయలు మోయడమే ఒక ఒంటెకు కష్టమవుతుంది. ఇంగ్లండ్ పిల్లలకు ఇది చెప్పినవాడు ఆ సంత చూసినవాడే అయి ఉండాలి.

తరగతిలో మెత్తగా ఉండేవాడని అనుకోకండి. ఐర్లండ్ విద్యార్థులు చుట్టుముట్టి ప్రశ్నలు సంధిస్తుంటే థియొడోర్ వేటకుక్కల మధ్య అడవిపందిలా వాళ్ళను చెదరగొట్టేవాడని శిష్యుడు ఆల్డ్‌హెల్మ్ ఒక ఉత్తరంలో గర్వంగా రాశాడు. వైద్యం కూడా చెప్పేవాడు. వాటన్ మఠంలో ఒక సన్యాసినికి రక్తం తీశాక చెయ్యి వాచిపోయింది. బిషప్ జాన్ ఎప్పుడు తీశారని అడిగాడు. చంద్రుని నాలుగో రోజన్నారు. చంద్రుడు పెరుగుతున్నప్పుడు, సముద్రం పోటు మీదున్నప్పుడు రక్తం తీయడం చాలా ప్రమాదమని ఆర్చ్‌బిషప్ థియొడోర్ చెప్పేవాడు కదా అని ఆయన మందలించాడు. ఇవాళ ఆ వైద్యం చెల్లదనుకోండి, కానీ ఈస్టర్ లెక్క నేర్చిన చేతికి చంద్రుని తిథి ఎన్ని చోట్ల పనికొచ్చేదో తెలుస్తుంది.

ఇక వదిలేసిన తొమ్మిదో అంశం. థియొడోర్ దాన్ని మర్చిపోలేదు, అదను కోసం చూశాడు. ఈస్ట్ ఆంగ్లియా బిషప్ బిసి జబ్బుపడితే ఆ డయోసిస్‌ను రెండు చేశాడు. మెర్సియా బిషప్ విన్‌ఫ్రిత్ మాట వినకపోతే తీసేశాడు. 678లో అసలు గొడవ. రాజు ఎగ్‌ఫ్రిత్‌కూ విల్‌ఫ్రిడ్‌కూ చెడింది. విల్‌ఫ్రిడ్‌ను రాజు వెళ్ళగొట్టగానే థియొడోర్ ఆయనను సంప్రదించకుండానే ఆ మహా డయోసిస్‌ను పంచి కొత్త బిషప్పులను అభిషేకించాడు. విల్‌ఫ్రిడ్ రోమ్ వెళ్ళి పోపు అగథో దగ్గర మొర పెట్టుకున్నాడు. అక్కడి తీర్పు తెలివైనది: విల్‌ఫ్రిడ్ పీఠం ఆయనకివ్వాలి, విభజన మాత్రం ఉండాలి, కొత్త బిషప్పులను ఆయనే ఎంచుకోవాలి. ఆ పత్రాలు పట్టుకుని 680లో తిరిగొస్తే ఎగ్‌ఫ్రిత్ ఆయనను తొమ్మిది నెలలు జైల్లో పెట్టాడు. థియొడోర్ నోరు మెదిపిన దాఖలా లేదు. రాజు దగ్గర లంచం తిన్నాడని విల్‌ఫ్రిడ్ జీవితచరిత్రకారుడు స్టీఫెన్ అంటాడు. విల్‌ఫ్రిడ్ మనిషి కాబట్టి ఆ మాటను పూర్తిగా నమ్మలేం. కానీ విభజన ఎంత సరైనదైనా, జరిపిన తీరు తప్పు. హెర్ట్‌ఫర్డ్‌లో అందరినీ ఒప్పించిన మనిషి ఇక్కడ రాజు కోపాన్ని పనిముట్టుగా వాడుకున్నాడు. 685లో ఎగ్‌ఫ్రిత్ యుద్ధంలో పోయాక, మరుసటి ఏడాది లండన్‌లో విల్‌ఫ్రిడ్‌తో రాజీపడి, ఆయన తరఫున రాజులకు ఉత్తరాలు రాశాడు.

రోమ్‌లో మాత్రం ఆయన మాటకు విలువ తగ్గలేదు. 679లో హాట్‌ఫీల్డ్‌లో ఇంకో సభ పెట్టి, క్రీస్తుకు ఒకే సంకల్పం ఉందన్న వాదాన్ని ఖండిస్తూ విశ్వాస ప్రకటన పంపించాడు. గ్రీకువాడని నిఘా పెట్టి పంపిన మనిషి గ్రీకు వివాదంలోనే రోమ్‌కు అండగా నిలిచాడు. పెద్ద ద్వీపమైన బ్రిటన్‌కు ఆర్చ్‌బిషప్, తత్వవేత్త అంటూ ఆయన రాక కోసం ఎదురుచూశామని పోపు అగథో, తూర్పు రోమన్ చక్రవర్తికి రాశాడు.

690 సెప్టెంబర్ 19న, 88వ ఏట పోయాడు. ఇంగ్లండ్‌లో పారిష్ వ్యవస్థ మొత్తం ఆయనే పెట్టాడని పాత పుస్తకాల్లో చదువుతారు. దాన్ని పక్కన పెట్టండి. ఊరికో చర్చి, ఊరికో గురువు అనేది తర్వాతి శతాబ్దాల్లో మెల్లగా వచ్చింది. ఆయన పెట్టింది బిషప్పుల స్థాయి నిర్మాణం. డయోసిస్ హద్దు, బిషప్ ఉత్తరం, సభ లాంటివన్నీ తర్వాత ఆంగ్లికన్ మిషన్లతో చాలా దూరం ప్రయాణించాయి. 1912లో అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా దోర్నకల్‌కు వచ్చింది కూడా ఆ వరుసలోనే. అయితే ఇంగ్లీషు చర్చి అంతా ఒకే ఆర్చ్‌బిషప్ మాట వినడం ఎక్కువకాలం సాగలేదు. 735లో యార్క్‌కు సొంత ఆర్చ్‌బిషప్ వచ్చాడు. ఉత్తర దేశంలో ఆయన అధికారం కింద నడవడానికి కావలసినన్ని డయోసిస్‌లు అప్పటికే సిద్ధంగా ఉండటానికి కారణం, 678 నుంచి థియొడోర్ చేసిన విభజనే.